చలి ముదిరేలోపు ఒక నీరెండ రోజు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆకులు రాలే కాలం చివర్లో, చలి స్థిరపడేలోపు ఒకటి రెండు రోజులు ఎండ మళ్లీ వెచ్చగా కాస్తుంది. ఆ రోజును ఊరు దాటి వెళ్లకుండా నగరంలోనే ఆరుబయట ఎలా గడపాలని చాలామంది అడిగారు. దిక్కులన్నీ ఉత్తరార్ధగోళానికి చెప్పాం. దక్షిణార్ధగోళంలో ఈ కాలం మార్చి నుంచి మే దాకా వస్తుంది కాబట్టి, అక్కడివాళ్లు దక్షిణం అన్నచోట ఉత్తరం అని చదువుకోవాలి.

ప్రశ్న: రేపు వెచ్చగా ఉంటుందని సూచన చూసి సెలవు పెడితే మధ్యాహ్నానికే మబ్బేసింది. ఇంకోసారి పొద్దున్నంతా పొగమంచు. మంచి రోజును ముందుగా గుర్తుపట్టడం ఎలా?

ఈ కాలంలో వెచ్చని రోజులు రెండు రకాలు. రెండింటికీ సూచనలో ఒకే అంకె కనబడవచ్చు గానీ, బయల్దేరాల్సిన వేళ మాత్రం వేరు.

మొదటిది అధిక పీడనం వల్ల వచ్చేది. పైనుంచి గాలి మెల్లగా కిందికి దిగుతూ వేడెక్కుతుంది, మబ్బులు కరిగిపోతాయి. గాలి పెద్దగా వీచదు. రాత్రి ఆకాశం తేటగా ఉండడంతో నేల వేడంతా పైకి పోయి తెల్లవారుజామున బాగా చలేస్తుంది, తేమ ఉంటే పొగమంచు కడుతుంది. పొద్దున కిటికీలోంచి చూసి రోజు పాడైందనుకోవద్దు. పది, పదకొండు గంటలకు మంచు విడిపోతే ఆ మధ్యాహ్నం అద్భుతంగా ఉంటుంది. కాలం బాగా ముదిరాక మాత్రం ఎండకు మంచును విడగొట్టే బలం ఉండదు, రోజంతా అలాగే నిలిచిపోవచ్చు.

రెండోది చలిగాలుల వరుస రాబోయే ముందు వచ్చే వెచ్చదనం. దక్షిణం వైపు నుంచి గాలి జోరుగా వీస్తుంది, రాత్రి కూడా వెచ్చగానే ఉంటుంది, పీడనం పడిపోతూ ఉంటుంది. ఎత్తున పలచటి తెల్లమబ్బు పరుచుకుని, సూర్యుడి చుట్టూ గుడి కడుతుంది. ఇలాంటి రోజున పొద్దున్నే బయల్దేరాలి. మధ్యాహ్నానికి మబ్బు దట్టమై, గాలి దిక్కు మారిందంటే గంటా రెండు గంటల్లోనే చలి మొదలవుతుంది. మీరు సెలవు పెట్టిన రోజు ఈ రకానిదే అయ్యుండాలి.

అందుకని ఉష్ణోగ్రత ఒక్కటే చూడకుండా గాలి వేగం, గాలి దిక్కు, పీడనం పెరుగుతోందా తగ్గుతోందా అన్న మూడూ చూడండి. మూడు నాలుగు రోజుల ముందు వచ్చే సూచనను నమ్మవచ్చు. పది రోజుల తర్వాతి అంకెను చూసి సెలవు పెట్టకండి.

ప్రశ్న: 18 డిగ్రీలని చూసి పార్కుకు వెళ్తే అరగంటకే వణికిపోయాం. అదే రోజు ఎదురు వీధిలో జనం చొక్కాలతో కూర్చుని ఉన్నారు. తేడా ఎక్కడ?

కూర్చున్న చోటులో. సూచనలో చెప్పే ఉష్ణోగ్రతను నీడలో, నేలకు సుమారు మీటరున్నర ఎత్తున కొలుస్తారు. మీ ఒంటికి తగిలే వెచ్చదనం ఎండ, గాలి, ఆనుకున్న గోడ, కూర్చున్న బల్ల కలిసి ఇచ్చేది. 18 డిగ్రీల రోజున నీడలో గాలికి ఎదురుగా కూర్చున్నవాళ్లదీ, గోడవార ఎండలో కూర్చున్నవాళ్లదీ ఒకే వాతావరణం కాదు.

ముందు నీడ సంగతి. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుంచి 63 డిగ్రీలకు పైగా ఎత్తున ఉంటాడు, 20 మీటర్ల భవనం నీడ 10 మీటర్లే. అక్టోబరు 20కి సూర్యుడు 30 డిగ్రీల లోపే. అదే భవనం నీడ 35 మీటర్లు దాటుతుంది. 60 డిగ్రీల అక్షాంశంలో అయితే సుమారు 55 మీటర్లు. వేసవిలో మీరు కూర్చునే బల్ల ఇప్పుడు రోజంతా నీడలో ఉండిపోయిందంటే కారణం ఇదే. కాబట్టి దక్షిణం వైపు కనీసం భవనం ఎత్తుకు రెండింతల ఖాళీ ఉన్న చోటు వెతకండి. పెద్ద కూడలి, నది ఒడ్డు, చెరువు ఉత్తరపు గట్టు, మైదానం ఉత్తరపు అంచు ఇందుకు పనికొస్తాయి. ఆకులు రాలిపోయిన చెట్ల కింద ఎండ దిగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్ల కింద దిగదు.

తర్వాత గోడ. సూర్యుడు కిందికి వాలిన కాలంలో నేలకన్నా నిలువు గోడ మీదే ఎండ సూటిగా పడుతుంది. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు నేల మీద చదరపు మీటరుకు పడే ఎండ, దక్షిణం చూసే గోడ మీద పడేదానిలో 60 శాతం లోపే. ఇటుక గోడ, రాతి గోడ ఆ వేడిని పట్టి ఉంచి మీ వీపుకు తిరిగి ఇస్తాయి. రెండు గోడలు కలిసి నైరుతికి తెరుచుకున్న మూల దొరికితే ఇంకేమీ వెతకనక్కర్లేదు. ఉత్తరపు గాలీ తూర్పు గాలీ ఆగిపోతాయి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ నిలుస్తుంది, ఎండ పోయాక కూడా గోడ కాసేపు వెచ్చగానే ఉంటుంది.

గాలి విషయంలో ఎక్కువమంది పొరబడేది ఆకాశహర్మ్యాల దగ్గర. ఎత్తైన ఒంటరి భవనానికి తగిలిన గాలి కిందికి జారి, అడుగు భాగంలో, మూలల దగ్గర, రెండు భవనాల మధ్య సందులో జోరందుకుంటుంది. చుట్టూ చెట్టు ఆకు కదలకపోయినా అక్కడ చలిగాలి కొడుతుంది. అక్కణ్నుంచి ఒక వీధి అవతలికి జరగండి చాలు. మైదానంలో అయితే దట్టమైన పొదల వరుసకు గాలి తగలని పక్కన కూర్చోండి. పొద కొంత గాలిని వదులుతుంది కాబట్టి దాని వెనక సుడులు తక్కువ.

ఇక బల్ల. రాయి చెక్కకన్నా పదిరెట్లకు పైగా తేలిగ్గా వేడిని లాగేస్తుంది. ఎండలో కాగని రాతి అరుగు మీద కూర్చుంటే పైన ఎన్ని స్వెటర్లు వేసుకున్నా లాభం లేదు. చెక్క బల్ల చూసుకోండి, లేదా సెంటీమీటరు మందం ఉన్న ఫోమ్ చాప ముక్క సంచిలో పెట్టుకోండి. గడ్డి మీద రాత్రి పడ్డ మంచు నీడ ఉన్నచోట మధ్యాహ్నం దాకా ఆరదు. పలచటి దుప్పటి పరిస్తే పది నిమిషాల్లో తడి పైకి వస్తుంది, అడుగున నీరు దిగని షీటు ఉండాలి.

ప్రశ్న: ఆఫీసులో మధ్యాహ్నం ఒక గంటే విరామం. పార్కు దూరం. చుట్టూ ఆరంతస్తుల భవనాలే. ఏం చేయాలి?

ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలోకి వెళ్లండి. సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉండే వేళ వీధి పొడవునా ఎండ పడుతుంది. తూర్పు పడమరలుగా సాగే 20 మీటర్ల వెడల్పు వీధిలో, పైన చెప్పిన లెక్కన 35 మీటర్ల నీడ ఎదురు గోడ మీదికి ఎక్కేస్తుంది, నడిచేవాళ్లకు ఎండ అందదు. ఒక మినహాయింపు ఉంది. ఎదుట అద్దాల భవనం ఉంటే దాని మీద పడ్డ ఎండ తిరిగి నీడవైపు కాలిబాట మీద ముక్కలుగా పడుతుంది. ఆ ముక్క నిమిష నిమిషానికీ జరుగుతుంది, దాంతోపాటు మీరూ జరగాలి.

వేసవి సమయం, అంటే గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి, అమల్లో ఉన్న చోట్ల సూర్యుడు అన్నిటికన్నా ఎత్తున ఉండేది గడియారం సుమారు ఒంటిగంట చూపేటప్పుడు, కొన్ని నగరాల్లో ఇంకా ఆలస్యంగా. విరామాన్ని పన్నెండు నుంచి ఒంటిగంటకు జరుపుకోగలిగితే జరుపుకోండి.

ప్రశ్న: సాయంత్రం ఎంతసేపు ఉండవచ్చు? చీకటి పడకముందే చలి కమ్మేస్తోంది.

మీ ఎండ ముగిసేది సూర్యాస్తమయానికి కాదు, ఎదుటి పైకప్పు వెనక్కి సూర్యుడు వెళ్లినప్పుడు. నగరంలో ఇది గంట, గంటన్నర ముందే జరుగుతుంది. చేయి పూర్తిగా చాచి, వేళ్లు అడ్డంగా పెట్టి, పైకప్పుకూ సూర్యుడి అడుగు అంచుకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒక్కో వేలుకు సుమారు పావుగంట. ఇది పొద్దు వాలాక పనికొచ్చే అంచనా, మిట్టమధ్యాహ్నం పనికిరాదు. సూర్యుణ్ని చేత్తో కప్పి పక్కనుంచి చూడాలి, సూటిగా చూడకూడదు.

ఎండ పోవడానికి పావుగంట ముందే పైకోటు వేసుకోండి. వణుకు మొదలయ్యాక వేసుకుంటే ఒళ్లు వేడెక్కడానికి చాలా సమయం పడుతుంది. చల్లగాలి బరువు కాబట్టి పల్లానికి జారుతుంది. పార్కులో గుంటలా ఉన్న భాగాలు ముందుగా చల్లబడతాయి, మెరక మీదికి వెళ్తే ఇంకో అరగంట హాయిగా గడుస్తుంది. పెద్ద చెరువులో నీళ్లు వేసవి వేడిని ఇంకా దాచుకుని ఉంటాయి కనుక గాలి లేని సాయంత్రం గట్టు మీద కొంచెం నయం.

అక్టోబరులో 50 డిగ్రీల అక్షాంశం దగ్గర పగలు రోజుకు సుమారు మూడున్నర నిమిషాలు తగ్గుతుంది, అంటే వారానికి 25 నిమిషాలు. పోయిన ఆదివారం సరిపోయిన వేళ ఈ ఆదివారం సరిపోదు. పార్కు గేట్లు కూడా చాలాచోట్ల పొద్దుతోపాటు ముందే మూస్తారు, మంచినీళ్ల కుళాయిలు చలికి ముందు కట్టేస్తారు. నీళ్లు వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: ఏం వేసుకోవాలి? నడిస్తే చెమట, కూర్చుంటే చలి.

మూడు పొరలు వేసుకోండి. ఒంటికి తగిలేది చెమట త్వరగా ఆరేది, దానిమీద ఉన్ని లేదా ఫ్లీస్, సంచిలో గాలి చొరబడని పలచటి జాకెట్టు. నూలు బనియన్ ఒకసారి తడిస్తే ఆరదు, కూర్చున్న ఐదు నిమిషాల్లో వీపు చల్లబడేది అందుకే. చెమట పట్టాక కాదు, పట్టబోతుండగానే జిప్పు తీయాలి. ఎండ సూటిగా కళ్లలో పడే కాలం కాబట్టి అంచున్న టోపీ ఉపయోగం. ఫ్లాస్కులో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి, పారబోసి, అప్పుడు వేడి పానీయం నింపండి. నిండా నింపితే ఎక్కువసేపు వేడిగా ఉంటుంది.

ప్రశ్న: బయట కూర్చుంటే కందిరీగలు కప్పు చుట్టూ మూగుతున్నాయి. వేసవిలో ఇంత బెడద లేదే?

వేసవిలో కూలి కందిరీగలు గూట్లోని పిల్లపురుగులకు ఆహారం తెస్తాయి, ఆ పిల్లలు వాటికి తీపి ద్రవం ఇస్తాయి. ఇప్పుడు గూట్లో పిల్లలు తగ్గిపోయి తీపి కోసం మీ కప్పు దగ్గరికి వస్తున్నాయి. మూత ఉన్న కప్పు వాడండి. మూత తీసిన డబ్బాలోంచి నేరుగా తాగొద్దు, లోపల ఒకటి ఉండవచ్చు. చేతులు విసరకండి, నెమ్మదిగా పక్కకు జరగండి. కందిరీగ ఒకటికి రెండుసార్లు కుట్టగలదు. నోట్లో గానీ గొంతులో గానీ కుట్టినా, కుట్టాక ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే అత్యవసర సేవకు ఫోన్ చేయాలి.

ప్రశ్న: పిల్లలు రాలిన ఆకుల కుప్పల్లో దూకుతామంటారు. బాబుకు ఆస్తమా ఉంది. వదలవచ్చా?

ఆ రోజు రాలిన పొడి ఆకులైతే వదలండి. రోజుల తరబడి తడిగా మగ్గిన కుప్పలో బూజు ఉంటుంది, కాలితో కదిపితే దాని రేణువులు గాల్లోకి లేస్తాయి. బాబుకు అది పడదు. అలాంటి కుప్పకు దూరంగా ఉంచి, ఇన్‌హేలర్ వెంట ఉంచుకోండి. కుప్పలో గాజుముక్కలు, పుల్లలు, కుక్కల మలం లేవని ముందు కర్రతో కదిపి చూడాలి.

రోడ్డు అంచున పోగేసిన కుప్పలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆడనివ్వకండి. ఆకుల్లో దాగిన పిల్లలు కారు నడిపేవాళ్లకు కనబడరు.

ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో పిడుదులు పట్టాయేమో చూడండి. చలి మొదలైనా వెచ్చని రోజున అవి తిరుగుతూనే ఉంటాయి, నగర పార్కుల్లోనూ ఉంటాయి. కనబడితే సన్నని చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని తిప్పకుండా నిటారుగా లాగాలి. నూనె రాయడం, నిప్పుతో కాల్చడం చేయకూడదు. తర్వాత ఆ చోట ఎర్రగా మచ్చ పాకినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా అత్తయ్యగారు మెట్లు దిగలేరు. ఆ రోజు బాల్కనీలోనైనా కూర్చోబెట్టాలని ఉంది. ఎంతసేపు?

తప్పకుండా కూర్చోబెట్టండి. ఎండ బాల్కనీ మీదికి వచ్చి, గోడ కాస్త కాగాక, అంటే ఎండ వచ్చిన అరగంట తర్వాత మొదలుపెట్టండి. పెద్దవయసులో చలి తగులుతున్నా ఒంటికి ఆలస్యంగా తెలుస్తుంది. "చలేస్తోందా?" అని అడిగి ఊరుకోకుండా 20 నిమిషాలకోసారి చేతివేళ్లు, పాదాలు తాకి చూడండి. కుర్చీ కింద చెక్కపలకో మందపాటి చాపో వేసి పాదాలు సిమెంటు మీద ఆనకుండా చూడాలి. దుప్పటి మోకాళ్ల మీదే కాదు, కూర్చునే చోట కూడా ఒక మడత ఉండాలి. లేపేటప్పుడు ఒక నిమిషం ముందుకు వంగి కూర్చోనిచ్చి తర్వాత లేపండి, ఎండలో వెచ్చగా కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు.

కిటికీ మూసి అద్దం వెనక కూర్చోబెడితే వెచ్చగా ఉంటుంది గానీ, విటమిన్ డి తయారుకావడానికి కావలసిన కిరణాలు అద్దం దాటవు. 50 డిగ్రీల అక్షాంశం పైన ఈ కాలానికి ఆరుబయట ఎండలోనూ ఆ కిరణాలు చాలా తక్కువ. ఆమెకు విటమిన్ లోపం ఉంటే డాక్టరు చెప్పిన మాత్ర వేయాల్సిందే, బాల్కనీ దానికి బదులు కాదు.

ప్రశ్న: ఎర్రటి ఆకులు ఫోన్‌లో వెలిసిపోయినట్టు వస్తున్నాయి.

సూర్యుణ్ని మీ వెనక కాకుండా ఆకు వెనక ఉంచండి, వెలుగు ఆకులోంచి వస్తే రంగు నిండుగా పడుతుంది. వెనక నీడలో ఉన్న గోడో చెట్టుమానో ఉండేలా నిలబడండి. తెర మీద ఆకును నొక్కి పట్టి, వెలుగును కొంచెం కిందికి జార్చండి. కెమెరా అద్దం తుడిచి, దానిమీద సూటిగా ఎండ పడకుండా అరచెయ్యి అడ్డుపెట్టండి.