ఒకే సీసా నీళ్ళు, రెండు లెక్కలు

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రెండు వనామీ రొయ్యల చెరువులున్నాయండీ. ఒకే సీసా నీళ్ళు పొద్దున ఒక ల్యాబ్‌లో, సాయంత్రం ఇంకో చోట ఇచ్చాం. ప్లేటు పెట్టినవాళ్ళు మిల్లీలీటరుకి బ్యాక్టీరియా వేలల్లో ఉందన్నారు, ఫ్లో సైటోమీటర్ అనే కణాలు లెక్కపెట్టే మెషీన్ ఉన్నవాళ్ళు లక్షల్లో అన్నారు. ఒకటే టెన్షన్. ఎవరిది తప్పు?
– ఒక రైతు

జవాబు: ఎవరిదీ తప్పు కాకపోవచ్చండీ. ప్లేటులో లెక్కకొచ్చేవి అందులోని అగర్ అనే జెల్లీ మీద పెరిగి కాలనీ, అంటే కంటికి కనిపించే గుంపు, కట్టినవే, నీళ్ళలోని బ్యాక్టీరియాలో చాలా భాగం అలా పెరగనే పెరగవు. మెషీన్ పెరిగేదాకా ఆగదు. సైబర్ గ్రీన్ అనే రంగు కలిపి పది పదిహేను నిమిషాలు చీకట్లో ఉంచితే అది డీఎన్‌ఏకి అంటుకుంటుంది, ఆ నీళ్ళు సన్నటి ధారగా నీలి లేజర్ ముందు నుంచి పోతుంటే ఆకుపచ్చగా మెరిసిన ప్రతిదాన్నీ లెక్కేస్తుంది. చచ్చినవి కూడా చాలావరకు అందులో పడిపోతాయి. అవి వేరుగా తెలియాలంటే ప్రొపీడియం అయొడైడ్ అనే ఇంకో రంగు కావాలి, అది పొర దెబ్బతిన్న కణాల్లోకే వెళ్తుంది.

అలాగని మెషీన్ చెప్పిందల్లా వేదం కాదు. నరసాపురం రేవులో పంటు దిగేవాళ్ళని బల్ల దగ్గర నిలబడి లెక్కపెట్టండి, ఇద్దరు భుజం భుజం రాసుకుంటూ దిగితే ఒక్కరే అనిపిస్తారు. నీళ్ళు చిక్కగా ఉంటే ఇక్కడా అదే గొడవ. అందుకే పదింతలు పల్చన చేసి మళ్ళీ నడిపారా అని అడగండి, లెక్క కూడా పదో వంతుకి దిగాలి, దిగకపోతే మొదటిది నమ్మకండి. ఇంకోటి, మీ చెరువు నీళ్ళే 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టి, రంగు కలిపి చూశారా? అందులోనూ వేలకి వేలు కనిపిస్తే అవి బ్యాక్టీరియా కాదు, చాలావరకు బురద, చెత్త.

అసలు మీకు కావలసింది రొయ్యలకి జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా సంగతి కదా. మెరిసింది ఏ బ్యాక్టీరియానో సైబర్ గ్రీన్ చెప్పదు. మొన్న బెల్లంతో పులియబెట్టి చల్లిన ప్రోబయోటిక్ కూడా ఆ లక్షల్లోనే ఉంటుంది. కాబట్టి ఆ అంకె చూసి శానిటైజర్ కొట్టేయకండి, విబ్రియోల కోసం వాడే టీసీబీఎస్ అనే అగర్ ప్లేటు మీద ఆకుపచ్చ కాలనీలు, పసుపు కాలనీలు ఎన్నో విడిగా రాయించుకోండి.

అన్నట్టు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ సీసా ఐస్‌లో ఉందా, బండి డిక్కీలో ఉందా? అది రాయలేదు మీరు.