పోస్టాఫీసు డబ్బు కదపకండి, తోడు మనిషిని మాత్రం పెట్టుకోండి

ప్రశ్న: నా వయసు 63. అంబాజీపేట దగ్గర పల్లెలో ఒక్కదాన్నే ఉంటాను. పెరట్లో నూతి దగ్గర పాచి మీద జారిపడి కుడి చీలమండ విరిగింది. కాకినాడలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఇంటికొచ్చి ఐదు రోజులైంది. ఆరు వారాలు ఆ కాలు నేలకు మోపొద్దన్నారు. అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి కువైట్‌లో ఉంటారు. అబ్బాయి సెలవు ఈ ఆదివారంతో అయిపోతుంది. మా వారి ఫ్యామిలీ పెన్షన్ నెలకు 19,000 వస్తుంది. ఎకరంన్నర కొబ్బరి తోట మీద రెండు నెలలకోసారి కాయల దింపు, ఖర్చులు పోను 12,000 దాకా మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో 70,000, బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో 8 లక్షలు వేసి 14 నెలలైంది. 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది, ఆపరేషన్ బిల్లు అందులోనే పోయింది. ఏజెన్సీ వాళ్లు రాత్రీపగలూ ఉండే మనిషికి నెలకు 24,000 అడిగారు. మా వీధిలో ఒకావిడ పగలు మాత్రం ఉండటానికి 12,000కు వస్తానంటోంది. పోస్టాఫీసు డబ్బు తీసేయనా, ఎఫ్‌డీ తీసేయనా, ఎవరినీ పెట్టుకోకుండా సర్దుకోనా? పిల్లల్ని అడగడం నాకు ఇష్టం లేదు. బ్యాంకులో ఏటా 20 రూపాయల బీమా కట్ అవుతోంది, అదేమైనా వస్తుందా?

జవాబు: అమ్మా, మీరు రాసిన మూడు దారుల్లో మూడోదాన్ని ముందు కొట్టేయండి. మిగిలిన రెండూ కూడా మీకు అవసరం పడవు. ఎందుకో లెక్క చూపిస్తాను. దానికి ముందు మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి.

మా దొడ్డమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యింది. ఇంటికి తెచ్చాక మనిషిని పెడతామంటే ఒప్పుకోలేదు. "నెలకు అంత డబ్బు దండగ, వాకర్ ఉందిగా" అంది. మేమూ గట్టిగా చెప్పలేకపోయాం. పదకొండో రోజు పొద్దున్నే పాలవాడు గేటు దగ్గర పిలిచాడని గిన్నె ఒక చేత్తో, వాకర్ ఒక చేత్తో పట్టుకుని గడప దాటబోయి పడిపోయింది. రెండో ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ సొంతంగా నడవలేదు. ఆ రోజు ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఆ పాలగిన్నె ఆవిడ చేతిలో ఉండేది కాదు. ఇలాంటి ప్రశ్న ఎవరు అడిగినా నేను మనిషి జీతం దగ్గరే లెక్క మొదలుపెట్టేది అందుకే.

ఎనిమిది వారాలకు వేద్దాం. కాలు మోపకూడని వారాలు ఆరు, మళ్లీ నడక అలవాటయ్యేదాకా ఇంకో రెండు. వీధిలో ఆవిడకి రెండు నెలల జీతం 24,000. రాత్రి పక్కన పడుకోవడానికి తెలిసినవాళ్లలో ఎవరినైనా మాట్లాడుకుంటే నెలకు 3,000 చొప్పున 6,000. వాకర్‌కు, కమోడ్ కుర్చీకి 5,000. ఇంటికొచ్చి చేసే ఫిజియోథెరపీకి 5,000. కాకినాడకు చూపించుకోవడానికి రెండుసార్లు కారు 5,000. మందులు, ఎక్స్‌రేలు 6,000. బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, లైట్లు, గడప దగ్గర చిన్న వాలు కట్టించడానికి 8,000. మొత్తం 59,000. నేను 60,000 అనుకుంటాను. మీ దగ్గర రేట్లు కాస్త అటూ ఇటూ ఉన్నా లెక్క తలకిందులు కాదు.

ఇప్పుడు ఈ రెండు నెలల్లో వచ్చేది చూడండి. పెన్షన్ 38,000. అందులో మామూలు ఇంటి ఖర్చుకు నెలకు 9,000 పోతుందనుకున్నా 20,000 మిగులుతుంది. పోస్టాఫీసు స్కీములో మూడు నెలలకోసారి వడ్డీ పడుతుంది. 8.2 శాతం చొప్పున మీ 8 లక్షలకు అది 16,400. ఈ ఎనిమిది వారాల్లో ఆ వడ్డీ ఒకసారి, దింపు డబ్బు 12,000 ఒకసారి వస్తాయనుకుంటే మొత్తం 48,400. తగ్గేది 11,600. అది సేవింగ్స్ ఖాతాలోంచి తీసినా అక్కడ ఇంకా 58,400 ఉంటుంది. వడ్డీ తేదీ గానీ దింపు గానీ కాస్త వెనక్కి పోయినా ఆ 70,000 అడ్డుపడుతుంది. ఏజెన్సీ చెప్పిన 24,000 విని మీకు టెన్షన్ పట్టుకుంది గానీ, ఈ ఖర్చు మీ శక్తికి మించింది కాదమ్మా.

పోస్టాఫీసు డబ్బు సంగతి. ఆ ఖాతాలో కొంచెం తీసి కొంచెం ఉంచడం కుదరదు, తీస్తే మొత్తం మూసేయాలి. ఏడాది నిండాక, రెండేళ్లలోపు మూసేస్తే అసలులో 1.5 శాతం కోస్తారు. 8 లక్షల మీద అది 12,000. వీధిలో ఆవిడ నెల జీతం సరిగ్గా అంతే! పైగా మూడు నెలలకోసారి వచ్చే ఆ 16,400 ఆగిపోతుంది. దాని మీద లోన్ కూడా ఇవ్వరు. కాబట్టి దాని జోలికి అస్సలు వెళ్లొద్దు.

ఎఫ్‌డీ వేరే రకం. కుట్లు చీము పట్టడం లాంటిదేదైనా వచ్చి ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాల్సి వస్తే, ముందు తాకాల్సింది అదే. అప్పుడైనా పగలగొట్టొద్దు. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టి కావాల్సినంత వాడుకునే అప్పు అడగండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు, అదీ వాడుకున్న సొమ్ముకు, వాడుకున్న రోజులకే. అబ్బాయి ఊళ్లో ఉండగానే బ్యాంకుకు వెళ్లి దీనికి ఏ కాగితాలు కావాలో కనుక్కుని రమ్మనండి. ఎవరైనా బంగారం పెట్టి తెచ్చుకోమని సలహా ఇస్తే వద్దనండి, మీకు ఆ అవసరం లేదు.

చాలామంది వదిలేసుకునే డబ్బు ఒకటుంది. ఆసుపత్రి బిల్లు క్యాష్‌లెస్‌లో పోయింది కాబట్టి పాలసీ పని అయిపోయిందనుకుంటున్నారు. అవ్వలేదు. డిశ్చార్జ్ అయిన రోజు నుంచి కొన్నాళ్లపాటు అదే గాయానికి సంబంధించిన మందులు, ఎక్స్‌రేలు, డాక్టరు ఫీజు పాలసీలోనే వస్తాయి. చాలా పాలసీల్లో ఇది 60 రోజులు, కొన్నిటిలో 90, ఇంకొన్నిటిలో 180. డాక్టరు రాసిచ్చిన ఫిజియోథెరపీ కూడా చాలావాటిలో ఇందులోకే వస్తుంది. అందుకని డిశ్చార్జ్ సమ్మరీలో ఫిజియోథెరపీ మాట ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకపోతే మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు చీటీ మీద ఎన్ని రోజులు చేయించుకోవాలో రాయించుకోండి. ఆ చీటీ లేకుండా ఫిజియో రసీదులు ఎన్ని పంపినా వెనక్కి వస్తాయి. మందుల షాపులో తెల్లకాగితం మీద లెక్క రాసిస్తే ఒప్పుకోవద్దు, నంబరున్న బిల్లు అడగండి. ప్రతి బిల్లు వెనక దానికి సంబంధించిన చీటీ పిన్ను చేసి ఒక కవర్‌లో పెట్టండి. గడువు అయ్యాక అన్నీ కలిపి పంపాలి. పంపడానికి కూడా కొద్ది రోజులే ఇస్తారు, ఆ తేదీ పాలసీ కాగితంలో చూసి క్యాలెండర్ మీద రాయించండి.

వాకర్, కమోడ్ కుర్చీ, మనిషి జీతం మామూలుగా పాలసీలో రావు. అంటే మన లెక్కలో మందులు, ఫిజియోలది 11,000 దాకా తిరిగొచ్చే అవకాశం ఉంది. పైన తగ్గిన 11,600లో దాదాపు అంతా అదే.

పాలసీ రెన్యువల్ తేదీ కూడా చూసుకోండి. మంచం మీద ఉన్నప్పుడు అలాంటివి మర్చిపోతాం. ఏడాదికోసారి ప్రీమియం కట్టే పాలసీకి 30 రోజులు అదనంగా ఇస్తారు గానీ, ఆ 30 రోజుల్లో ఏమైనా జరిగితే క్లెయిమ్ రాదు. క్లెయిమ్ చేశారని రెన్యువల్ ఆపడానికి వీల్లేదు. 60 దాటినవారికి ఏడాదిలో 10 శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలని 2025 జనవరి నుంచి నిబంధన ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఖర్చు పెరిగిందని పాలసీ మానేయాలనే ఆలోచన రానివ్వకండి.

ఆ 20 రూపాయలది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా ఇచ్చేది అది. అతుక్కునే ఎముకకు ఏమీ రాదు. అయినా కట్ అవనివ్వండి, 70 ఏళ్లదాకా ఉంటుంది.

ఇంటి విషయంలో ఎక్కడా తగ్గించొద్దని నేను గట్టిగా చెప్పేది కమోడ్ కుర్చీ దగ్గర. మన వైపు పాత ఇళ్లలో బాత్‌రూమ్ పెరట్లో, మెట్లు దిగాక ఉంటుంది. రాత్రి రెండింటికి ఒంటికాలి మీద ఆ మెట్లు దిగాల్సిన పని ఉండకూడదు. కుర్చీ మంచం పక్కనే ఉండాలి. నులక మంచం మీద పడుకుంటుంటే మానేసి ఎత్తుగా, గట్టిగా ఉన్న మంచానికి మారండి. మోటారు స్విచ్, పాలు, గేటు తాళం, తులసికోట దగ్గర దీపం, ఇవన్నీ పగలు వచ్చే ఆవిడ పనులే ఈ రెండు నెలలూ. ఆవిడ రాని రోజు వంట పెట్టుకోకండి. కర్రీ పాయింట్ నుంచి కూర తెప్పించుకోండి, లేదా తెలిసినవాళ్ల ఇంటి నుంచి క్యారేజీ మాట్లాడుకోండి.

డబ్బు చేతులు మారే దగ్గర జాగ్రత్త. ఎంత నమ్మకస్తురాలైనా ఏటీఎం కార్డు, పిన్ ఇవ్వకండి. అది ఆవిడకీ మంచిది కాదు, రేపు లెక్క తేడా వస్తే మాట పడేది ఆవిడే. కూరలు, మందులు ఫోన్‌లో మీరే చెల్లించండి. ఫోన్ చెల్లింపులు మీకు అలవాటు లేకపోతే అబ్బాయి యూపీఐ సర్కిల్‌లో మిమ్మల్ని చేర్చవచ్చు. నెలకు 15,000, ఒక్కోసారికి 5,000 హద్దుతో మీరు అతని ఖాతాలోంచి చెల్లించవచ్చు. నగదు కావాలంటే పోస్ట్‌మాన్‌కు చెప్పండి. ఆధార్‌కు కలిపిన ఖాతా ఏ బ్యాంకుదైనా ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ద్వారా ఇంటి దగ్గరే తీసిస్తారు. ముఖం తెలిసిన మన ఊరి పోస్ట్‌మాన్ దగ్గర తప్ప ఇంకెక్కడా వేలిముద్ర వేయకండి. లంక గ్రామాల్లో ఉండి ఇది చదివేవాళ్లు వరదల రోజుల్లో కాజ్‌వే మునిగేలోపే రెండు వారాల మందులు, కొంత నగదు ఇంట్లో పెట్టుకోవాలి.

ఇక పిల్లల సంగతి. వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవాల్సిన అవసరం లేదని ఈ లెక్కే చెబుతోంది. కానీ పని తీసుకోండి. క్లెయిమ్ కాగితాలు పంపడం, కాకినాడకు కారు మాట్లాడటం అబ్బాయి హైదరాబాద్ నుంచే చేయగలడు. అమ్మాయిని పొద్దున ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి ఫోన్ చేయమనండి. మీరు ఎత్తకపోతే ఎవరింటికి ఫోన్ చేయాలో, వీధిలో రెండు నంబర్లు ఇవ్వండి. "అమ్మ ఎలా ఉందో" అని అంత దూరంలో భయపడుతూ కూర్చోవడం కంటే ఆ పని చేతిలో ఉండటం ఆ పిల్లకీ నయం.

అబ్బాయి ఆదివారం వెళ్తున్నాడన్నారు. వీధిలో ఆవిడని శుక్రవారం నుంచే రమ్మనండి. కమోడ్ కుర్చీ జరపడం, మిమ్మల్ని వాకర్ మీదకి లేపి నిలబెట్టడం అబ్బాయి పక్కనుండగానే ఆవిడకి రెండు రోజులు అలవాటవుతుంది.