రెండు కేబీలో పెళ్లి పట్టదు

రోజూ తెరిచే ఫోల్డర్లకు షార్ట్‌కట్లు ఎలా పెట్టుకోవాలని అడిగారు. ఇరవై ఏళ్లుగా డీటీపీ పని చేస్తున్నవాడిగా ఒక మాట చెబుతాను: ఎక్కడైనా పెట్టుకోండి, డెస్క్‌టాప్ మీద మాత్రం వద్దు.

నాలుగేళ్ల కిందట సంక్రాంతి సెలవులు. మాఘమాసం పెళ్లిళ్ల శుభలేఖలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. సెలవులకు వచ్చిన మా మేనల్లుడు సాయం చేస్తానన్నాడు. ఒక శుభలేఖ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క ఊళ్లోని ప్రెస్సుకు ఇచ్చి రమ్మన్నాను. డెస్క్‌టాప్ మీద కనిపించినదాన్ని వేసుకుని బస్సెక్కాడు. రెండు గంటల తర్వాత ప్రెస్సాయన ఫోను.

"మాస్టారూ, ఇందులో ఏమీ లేదు."

"సరిగ్గా చూడండి, ఫోల్డర్ ఉంటుంది."

"చూశాను. రెండు కేబీ ఉంది. రెండు కేబీలో పెళ్లి ఎలా పడుతుందండీ?"

అప్పటికి పెళ్లికూతురి తండ్రి నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. మావాడు తీసుకెళ్లింది షార్ట్‌కట్. అసలు ఫోల్డర్ నా డీ డ్రైవ్‌లోనే భద్రంగా ఉంది, వాడి చేతికి వెళ్లింది దాని చిరునామా చీటీ. తిట్టబోయి ఆగాను. పేరు చివర 'షార్ట్‌కట్' అని విండోస్ తగిలించిన మాటను చూడటానికి బాగాలేదని చెరిపేసింది నేనే. మూలన ఉన్న చిన్న బాణం గుర్తు ఎవరికి కనిపిస్తుంది? ఆఖరి బస్సుకు నేనే ఇంకో పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లాను.

అప్పటి నుంచి నాకు క్విక్ యాక్సెస్ ఒక్కటే దారి. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి 'పిన్ టు క్విక్ యాక్సెస్' నొక్కండి, అంతే. విండోస్ మీటతో పాటు 'ఈ' నొక్కగానే తెరుచుకునే కిటికీలో ఎడమవైపు వరుసగా కనిపిస్తాయి. ఐదారు చాలు, ఇరవై పెడితే మళ్లీ వెతుకులాటే. అడగకుండానే మీరు తరచుగా తెరిచేవాటిని కూడా అది అక్కడ చేరుస్తుంది. ఒకరి ఆస్తి దస్తావేజుల ఫోల్డర్ పేరును పక్కన కూర్చున్న ఇంకొకరు తీరిగ్గా చదువుకుంటారు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో తరచుగా తెరిచేవాటిని చూపించే టిక్కు తీసేయండి.

షార్ట్‌కట్ నిజంగా పనికొచ్చే చోటు ఇంకొకటి ఉంది. విండోస్ మీటతో 'ఆర్' నొక్కి, ఇంగ్లిషులో షెల్, కోలన్, సెండ్‌టు అని ఖాళీ లేకుండా టైపు చేస్తే ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. మీ ఫోల్డర్ షార్ట్‌కట్ అందులో వేస్తే, ఏ ఫైలు మీద కుడి క్లిక్ చేసినా 'సెండ్ టు' జాబితాలో అది కనిపిస్తుంది. విండోస్ 11లో ఈ జాబితాను 'షో మోర్ ఆప్షన్స్' వెనక దాచారు. విండోస్ 10 వరకు ఒక ఫోల్డర్‌ను టాస్క్‌బార్‌లోనే టూల్‌బార్‌గా పెట్టుకునేవాళ్లం, దాన్నయితే పూర్తిగా తీసేశారు. బాగున్నవాటినే ఎందుకు కదిలిస్తారో!

అసలు సగం మందికి కావలసింది షార్ట్‌కట్లు కాదు, ఫోల్డర్లకు సరైన పేర్లు. నేను 2024-02-18 అని ఏడాది ముందుంచి, పక్కన ఇంటిపేరు రాస్తాను. పేర్ల వరుసలోనే తేదీల వరుస వచ్చేస్తుంది. ఆనాటి పెళ్లి ఫోల్డర్ పేరు మాత్రం 'కొత్తది ఫైనల్ 2'. ఇప్పటికీ అలాగే ఉంచాను.