పనిముట్ల పెట్టె: పాత ఆకురాయి, కొత్త కత్తి

ప్రశ్న: మాస్టారూ, మా నాన్న మెకానిక్ షెడ్డులో అరిగిపోయిన 12 అంగుళాల ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైలు) ఒకటి పడి ఉంది. దాంతో అమ్మకి కూరగాయల కత్తి నా చేత్తో చేసివ్వాలని ఆశ. హాక్సా, రెండు మంచి ఆకురాళ్లు, డ్రిల్లు మిషను, బెంచి వైసు ఉన్నాయి. గ్రైండరు లేదు, కొలిమి లేదు. కుదురుతుందా?
– ఒక పాఠకుడు, కావలి

కుదురుద్ది అబ్బాయ్. గ్రైండరు లేకపోవడం నీ అదృష్టం అనుకో. గ్రైండరుతో తప్పు చేయడానికి అర నిమిషం చాలు. ఆకురాయితో అదే తప్పు చేయాలంటే అరగంట పడుతుంది, ఈలోపు కన్ను పసిగట్టేస్తుంది.

ముందు నా మొదటి కత్తి కథ విను. ఒంగోల్లో ఫిట్టరు ట్రేడు పిల్లలకు పాఠం చెప్పే రోజుల్లో నేనూ పాత ఆకురాయితోనే మొదలుపెట్టా. మా ఊళ్లో కమ్మరి మామ కొడవళ్లు ఎర్రగా కాల్చి తొట్లో నీళ్లలో ముంచడం చిన్నప్పట్నుంచీ చూసినవాణ్ణి కదా, వారం రోజులు అరగదీసిన కత్తిని నేనూ అట్టాగే బక్కెట్లో ముంచా. ‘టింగ్’ మంది. చిన్న చప్పుడే. తీసి చూస్తే అంచు నుంచి వీపు దాకా వెంట్రుకంత గీత. మామకు చూపిస్తే నవ్వలేదు, కసరలేదు. ‘ఇది కొడవలి ఇనుము కాదురా, దీనికి నీళ్లు ఓర్వవు, నూనె కావాలి’ అన్నాడు.

ఆకురాయి ఉక్కులో కార్బన్ ఒక శాతం పైమాటే. అందుకే అది అంత గట్టిపడేది, అందుకే నీళ్లలో ఠక్కున చల్లారితే పగిలేదీ. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మెత్తటి ఉక్కు) పట్టీలో కార్బన్ 0.2 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు కాల్చి ముంచినా గట్టిపడదు, దాని జోలికి పోవద్దు.

నీ ఆకురాయి ఇప్పుడు హాక్సాకు లొంగదు. ముందు మెత్తబడాలి. ఇటుకలు నాలుగు పేర్చి, సర్కారు తుమ్మ బొగ్గులు పోసి, పాత హెయిర్ డ్రయ్యరు గాలిని ఇనప గొట్టంలోంచి అడుగుకు పంపు. జింకు పూత ఉన్న గొట్టం వాడొద్దు, కాలితే ఆ పొగ మంచిది కాదు. ఆకురాయి చివరిదాకా చెర్రీపండు ఎరుపు వచ్చాక తీసి, వెచ్చటి బూడిదలో పూడ్చిపెట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నే చేత్తో పట్టుకోగలిగితే అప్పుడు తియ్యి, తొందరపడకు.

పని మొదలుపెట్టేముందు ఒక పరీక్ష. చివర్న వేలెడు ముక్క కోసి, మళ్లీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టు. కళ్లద్దాలు పెట్టుకో. గాజులా పగిలితే మంచి ఉక్కు. వంగిందా, పైపొర మాత్రమే గట్టిగా ఉన్న చౌక సరుకు అన్నమాట, వేరేది వెతుక్కో.

ఆకారం నేను మార్కాపురం పలక మీద బలపంతో గీసుకుంటా. చెరపడం సులువు, తప్పుకి ఖర్చు లేదు. అంచు నాలుగు అంగుళాలు చాలు, పిడి నీ గుప్పెడంత. అట్ట మీద కత్తిరించి అమ్మ చేతికిచ్చి ఉల్లిపాయ కోస్తున్నట్టు పట్టుకోమను. పిడి లావు, వేలి చోటు అక్కడే తేలిపోతాయి.

హాక్సాతో కోశాక పాత పళ్ల గాడులన్నీ అరగదీసి నునుపు చెయ్యి. ఒక్క గాడి మిగిలినా ముంచినప్పుడు బీట అక్కడే మొదలవుతుంది. పిడి మేకులకు 6 మిల్లీమీటర్ల రంధ్రాలు ఇప్పుడే పెట్టు, గట్టిపడ్డాక నీ డ్రిల్లు దిగదు. అంచుకు ఏటవాలు తీసేటప్పుడు మంచి ఆకురాయిని ముందుకు నెట్టేటప్పుడే ఒత్తు, వెనక్కి లాగేటప్పుడు లేపు. దానికి సుద్దముక్క రుద్దితే ఇనప రజను పళ్లలో ఇరుక్కోదు. అంచును ఇప్పుడే పలచన చేయకు, మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం ఉంచు. పలచటి అంచు మంటలో వంకర పోతుంది.

చదును చేయడానికి నా దగ్గరున్న చిట్కా చీమకుర్తి గ్రానైటు ముక్క. పాలిష్ పట్టిన తుక్కు ముక్క ఏ కటింగ్ ఫ్యాక్టరీ బయటైనా అడిగితే దొరుకుతుంది. దాని మీద నీళ్లు చల్లి 220 నంబరు ఎమెరీ కాగితం పరిచి కత్తిని రుద్దితే ఎక్కడ ఎత్తుందో మెరుపే చెబుతుంది.

ఇక అసలు ఘడియ. సాయంత్రం చీకటి పడేవేళ చెయ్యి, ఎండలో ఎరుపు కంటికి ఆనదు. పాత స్పీకరు అయస్కాంతాన్ని తీగకు కట్టి దగ్గర పెట్టుకో. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది మానాక ఇంకో పిసరు ఎరుపు ఎక్కనిచ్చి, గోరువెచ్చని వేరుశనగ నూనెలో మొన ముందుగా, నిలువుగా దించు. పక్కకు ఊపితే వంగుతుంది. నూనె ఇనప డబ్బాలో పొయ్యి, మూత చేతికందేలా ఉంచు. నూనెకు మంట అంటుకుంటే మూత వెయ్యాలి, నీళ్లు పొయ్యకూడదు. చల్లారాక కత్తి మీద మంచి ఆకురాయి పెడితే జారిపోవాలి, కొరకకూడదు.

ఈ దశలో కత్తి కింద పడితే రెండు ముక్కలే. ఆ పెళుసుతనం తగ్గడానికి, తెల్లగా మెరిసేలా తుడిచి ఆ రాత్రే 200 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు కాల్చు. నేను మా కోడలు కేకులు చేసే ఓవెన్‌లో పెట్టా. నూనె సరిగా తుడవలేదు. ఆ వారం కేకులు వేరుశనగ వాసనే. రంగు లేత ఎండుగడ్డిలా రావాలి. నీలం తిరిగిందా, మెత్తబడ్డట్టే, మళ్లీ కాల్చి ముంచాలి.

ప్రశ్న: మా తమ్ముడు చేసిన కత్తికి పిడి చెక్కలు నెలకే వదులైపోయాయి. ఏ కర్ర వాడాలి?
– ఒక పాఠకురాలు, ఉదయగిరి

అమ్మా, చెక్క చెంచాలకు పేరుపడిన ఊరి నుంచి ఈ ప్రశ్న! దుర్గం కొండల నర్ది, బిక్కి కర్రలతో చెంచాలు, ఫోర్కులు చెక్కేవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, ఓ ముక్క అడగండి. పచ్చి కర్ర పెట్టి ఉంటాడు, ఆరాక కుంచించుకుపోయింది. ఆరు నెలలు నీడన ఎండినదే వాడాలి. లోపలి ముఖం గరుకుగా రుద్ది, అరల్డైట్ రాసి, ఇత్తడి కడ్డీ ముక్కలు దించి, రాత్రంతా బిగించి ఉంచాలి. ఆపైన అవిసె నూనె రెండు మూడు పూతలు. పిడిని సింకులో నానబెట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

ప్రశ్న: ఇంట్లో కత్తి చేసుకుంటే పోలీసులతో ఇబ్బందా?
– ఒక పాఠకుడు, పొదిలి

వంటింటికి, పొలానికి చేసుకునేదైతే లేదు. 1959 ఆయుధాల చట్టం కింది నిబంధనలు పట్టుకునేది 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తుల్ని, అదీ ఇంటి పనికో, సాగుకో, పరిశ్రమకో చేసినవి కానప్పుడు. నాలుగు అంగుళాల కూరగాయల కత్తికి ఆ గోల లేదు. చేసింది చూపిద్దామని జేబులో పెట్టుకుని బస్టాండుకు మాత్రం పోవద్దు.