లేహ్‌లో పరుగు: ఆయాసం గుండెదా, ఎత్తుదా?

ప్రశ్న: నా వయసు 34. హనుమకొండలో ఆరేళ్ళుగా రోజూ తెల్లవారుజామున భద్రకాళి బండ్ మీద 8 కిలోమీటర్లు పరిగెత్తేవాడిని. బదిలీ మీద గత వారం విమానంలో లేహ్ వచ్చాను. మూడో రోజు పరుగుకు వెళ్తే అర కిలోమీటరుకే ఆయాసంతో ఆగిపోయాను. ఆ రాత్రి తలనొప్పితో నిద్ర పట్టలేదు. ఇప్పుడు తలనొప్పి లేదు కానీ, రెండంతస్తుల మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. వచ్చే ముందు తీయించిన ఈసీజీ, ఎకో నార్మల్. పరుగు మానేయాలా?
- ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: మానేయనక్కర్లేదు; కొన్నాళ్ళు ఆపాలి. మీరు రాసినదాన్ని బట్టి ఇది గుండె జబ్బు కన్నా ఎత్తు ప్రభావంగానే కనిపిస్తోంది. హనుమకొండ 300 మీటర్లలోపు ఎత్తులో ఉంటే, లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలో ఆక్సిజన్ లేదని చాలామంది అంటుంటారు గానీ, దాని శాతం ఇక్కడిలాగే 21. తగ్గేది గాలి పీడనం. అది సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉండటంతో రక్తంలోకి చేరే ఆక్సిజన్ తగ్గి, ఆ లోటు పూడ్చడానికి శ్వాస, గుండె వేగం రెండూ పెరుగుతాయి. మెట్ల దగ్గర మీకు తెలుస్తున్నది అదే.

శ్వాస సర్దుకోవడానికి కొద్ది రోజులు చాలు. ఎర్రరక్తకణాలు పెరగడానికి మాత్రం వారాలు పడుతుంది. అందుకే మూడో రోజే పరుగుకు దిగడం తొందరపాటు. ఈ వారం చదునైన దారిలో నడక చాలు. తలనొప్పి తిరగబెట్టకుండా, రాత్రి నిద్ర పడుతుంటే, వచ్చే వారం నుంచి 20 నిమిషాల పాటు కాసేపు నడక, కాసేపు పరుగుగా మొదలుపెట్టండి. పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగమే మీ హద్దు. వాచీలో కిలోమీటరుకెన్ని నిమిషాలో చూసుకోవడం మానండి. నెలలు గడిచినా బండ్ మీది టైమింగ్ అక్కడ రాదు. మద్యం, నిద్రమాత్రల జోలికి వెళ్ళకండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లోని ఇనుము నిల్వ) పరీక్షలు చేయించకుండా ఐరన్ మాత్రలు వేసుకోవద్దు.

మీరు ప్రస్తావించని విషయం ఒకటుంది. ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో, ఎర్రరక్తకణాలను కొడవలి ఆకారంలోకి మార్చే సికిల్ సెల్ జన్యువు కనిపిస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ జన్యువు వచ్చినవారు ఇక్కడ ఏ ఇబ్బందీ లేకుండా పరిగెత్తవచ్చు. అంత ఎత్తులో శ్రమిస్తే మాత్రం ప్లీహానికి (స్ప్లీన్) రక్తం అందక ఎడమ పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి రావచ్చు. మీ కుటుంబంలో ఎవరికైనా ఈ సమస్య ఉంటే, ఈ జన్యువు ఉందో లేదో తేల్చే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ రక్తపరీక్ష చేయించుకున్నాకే పరుగు మొదలుపెట్టండి.

కదలకుండా కూర్చున్నా ఆయాసం రావడం, పడుకుంటే దగ్గు ఎక్కువ కావడం, నురగతో గులాబీ రంగు కఫం పడటం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న సూచనలు; నడకలో తూలడం, మాట తడబడటం మెదడు వాపుకు గుర్తులు. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి ఆక్సిజన్ పెట్టించుకోవాలి. తక్కువ ఎత్తుకు దిగమంటే ఆలస్యం చేయకూడదు. ఛాతీలో నొప్పి, బరువు, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే ఎత్తు మీదికి నెట్టేయకుండా గుండె పరీక్షలు మళ్ళీ చేయించండి.

బతుకమ్మకు ఇంటికి వచ్చి రెండు వారాలుండి విమానంలో తిరిగి వెళ్ళినప్పుడు కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంటుంది. అప్పుడు కూడా మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి తీసుకుని, నడకతోనే మళ్ళీ మొదలుపెట్టండి.