రెండు నెలల్లో 15 కిలోలు తగ్గొచ్చా?

పెళ్లిలోగా 15 కిలోలు తగ్గాలని ఒంటిపూట తింటూ రెండు పూటలా పరుగెత్తుదామనుకుంటున్నారు. అంత వద్దు. వారానికి అరకిలో నుంచి కిలో తగ్గితే చాలు, అంటే రెండు నెలలకు 4 నుంచి 8 కిలోలు. మొదటి వారం ఇంకా ఎక్కువే తగ్గినట్టు కనిపిస్తుంది, అందులో చాలావరకు నీరే. కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు కూడా రావచ్చు.

మీది నల్లగొండే కదా, పానగల్లు చెరువు కట్ట మీద వేగంగా నడవండి. పక్కనున్నవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మొదట్లో ఆ జోరు సరిపోతుంది. వారానికి 150 నిమిషాలకు చేరాక మెల్లగా పెంచండి. ఎండాకాలంలో మాత్రం పొద్దెక్కకముందే ముగించాలి.

అన్నం తగ్గించి పప్పు, గుడ్లు, కూరలు పెంచండి. జొన్నరొట్టె మంచిదే, కానీ డైట్ కదా అని నాలుగు లాగిస్తే లాభం లేదు. దావత్‌లో ఎక్కువ తిన్నామని మర్నాడు పస్తుండకండి.

కళ్లు తిరుగుతున్నా, నిద్ర పట్టకపోతున్నా జోరు తగ్గించండి. షుగర్‌కు మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే పూట మానేసే ముందే డాక్టర్‌ను అడగండి. షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.