కనకాంబరం వేసే ముందు వంగమొక్క తవ్వి చూడు

పర్లాకిమిడి

చిట్టితల్లికి పెద్దమ్మ దీవెనలు.

పెరట్లో కనకాంబరం వేస్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బావి పక్కన, ఇన్నాళ్లూ వంకాయలు కాసిన మడిలో రెండొందల మొక్కలు పెడతావట, మూరలు కట్టి గుణుపురం బజార్లో అమ్ముతావట. మా అమ్మ చేసిన పని మళ్లీ మనింట్లో మొదలవుతోందని ఎంత మురిసిపోయానో! కానీ "వంగమడిలో" అనగానే గుండె గుభేలుమంది. రాత్రంతా కన్ను మూతపడలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

సులువైనవి ముందు చెప్పేస్తాను. నీళ్లు నిలవని నేల చూసుకో. గత్తం బాగా చివికిందే వెయ్యి. మొక్కకీ మొక్కకీ అడుగు, సాలుకీ సాలుకీ రెండడుగులు. మధ్యాహ్నం కాస్త నీడ పడినా పరవాలేదు. పూలు తెల్లారగట్ల, రోజు విడిచి రోజు కొయ్యి. బోదెలు మాత్రం ఎత్తుగా తియ్యి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా పెరట్లో రెండ్రోజులు నీళ్లు నిలిస్తే, చదునులో ఉన్నవన్నీ కుళ్లిపోయాయి, బోదె మీదవే మిగిలాయి.

ఇక అసలు సంగతి. గజపతి జిల్లా 1992లో వచ్చింది కదా, దానికి రెండు మూడేళ్ల ముందు మాట, అప్పటికి మా పర్లాకిమిడి ఇంకా గంజాం జిల్లాలోనే ఉంది. మా పెరటి నిండా ఢిల్లీ కనకాంబరం. ముదురు నారింజ రంగు, పెద్ద రేకు. అది గింజ కట్టదు, కొమ్మ గుచ్చి పెంచుకోవాల్సిందే. అందుకని వీధిలో వాళ్లంతా నన్నే అడిగేవారు. అడిగినవాళ్లకల్లా వేరు పట్టిన మొక్కని మట్టిగడ్డతో సహా ఇచ్చేదాన్ని, మట్టి ఉంటే బతుకుతుందని. మీ అమ్మకైతే తడి గోనెలో ఇరవై మొక్కలు చుట్టి, చిన్న రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ఆ ఎండాకాలం మా మొక్కలు పసుపు తిరిగాయి. ఆకు చిన్నదైపోయింది, వెన్ను వేలెడు కూడా సాగలేదు. ఆకలేమోనని యూరియా వేశాను. దాహమేమోనని పూటపూటా నీళ్లు పోశాను. మిట్టమధ్యాహ్నం తల వాల్చేసి సాయంత్రానికి లేచేవి. అది చూసి నా వైద్యం పనిచేస్తోందనుకున్నాను. ఒకరోజు పక్కింటి ఒడియా అమ్మాయి గోడ మీంచి "మో గొఛ్ఛొ సొబు మొరిగొలా, మాఉసీ" అంది. నా మొక్కలన్నీ చచ్చిపోయాయి పిన్నీ, అని. ఆ గొంతులో కోపం లేదు. ఆ పిల్ల కోప్పడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

అప్పుడు పీకాను ఒక మొక్కని. వేరు కడిగి చూద్దును కదా, దారానికి పూసలు గుచ్చినట్టు పొడుగునా బుడిపెలు. ఆవగింజంతవి కొన్ని, శనగగింజంతవి కొన్ని. చిక్కుడు వేరుకీ బుడిపెలుంటాయి గానీ అవి గిల్లితే ఊడొస్తాయి, అవి నేలకి మంచివే. ఇవి ఊడవు, వేరే ఉబ్బిపోయింది. నులిపురుగులమ్మా. కంటికి కనపడవు, వేరు లోపల కాపురముంటాయి. మొక్క నీళ్లు తాగలేక మధ్యాహ్నం వాడిపోతుంది, దాని మీద ఎండు తెగులూ ఎక్కుతుంది. మట్టిగడ్డలతో వాటిని వీధంతా పంచింది నేనే. తన మొక్కలూ ఎండిపోయాయని మీ అమ్మ ఉత్తరం రాస్తే, "నేల పడలేదేమోలే" అని జవాబిచ్చాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఆ చోటే మీ అమ్మ వంగ వేసుకుంది. ఆ పురుగుకి వంగ, బెండ, టమాటా అన్నీ తిండే. అంటే ఇన్నేళ్లూ దాన్ని మేపుతున్నట్టే ఉంటుందేమోనని నా భయం.

కాబట్టి రేపు పొద్దున్నే మడి నాలుగు మూలల నుంచీ నాలుగు వంగమొక్కలు జాగ్రత్తగా తవ్వి తియ్యి, లాగితే సన్నవేళ్లు తెగిపోతాయి. కడిగి ఫొటో పంపు, కళ్లజోడు పెట్టుకుని చూస్తాను. బుడిపెలుంటే ఈ ఏడు ఆ మడిలో వద్దు. వంగ వేళ్లతో సహా తీసి తగలబెట్టు. ఏప్రిల్, మే ఎండల్లో నేల తడిపి, అద్దంలా కనపడే ప్లాస్టిక్ పరిచి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు వదిలెయ్. వానలకి బంతి ఒత్తుగా వెయ్యి. ఆ తర్వాత వేపపిండి కలిపి కనకాంబరం పెట్టు. పూర్తిగా పోతాయని చెప్పను, మొక్క తట్టుకునేంత తగ్గుతాయి.

ఏడాది ఆగాలా అని మూతి ముడుచుకోకు. నీ తొందర నాకు తెలీదూ! నాటు కనకాంబరం ఎండుకాయలు నీళ్లలో వేస్తే ఫట్‌మని పేలతాయని చూపిస్తే, చెంబు తెచ్చేలోగా నోట్లో పెట్టుకుని తడిపేసి, నాలిక మీద పేలితే ఏడ్చిన పిల్లవి నువ్వు. రాత్రి దాకా నా ఒళ్లోంచి దిగలేదు.

ఆలోగా కొమ్మలు నేను సిద్ధం చేస్తాను. మట్టి తగలని పైకొమ్మలు కోసి, కడిగి, తడిగుడ్డలో చుట్టి పంపుతాను. కొత్త ఇసకలో గుచ్చుకో. ఇంకెవరు మొక్క ఇచ్చినా వేరు చూడందే ఇంట్లోకి తేకు, ఇచ్చేది నేనైనా సరే.

ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించు. తన నేలలో ఏ లోపమూ లేదని చెప్పు.

మీ పెద్దమ్మ